మూడో మిషను

వెంకటకృష్ణ ల్యాబు గుమ్మంలో చెప్పులు విడుస్తుండగా పోయిన వారం మనం ఆగిపోయాం. ఐదేళ్ళ తర్వాత వచ్చిన మనిషి. "రండి" అనాలో "రా" అనాలో తేల్చుకోలేక, ఏదీ అనకుండా వాణి కుర్చీ ముందుకు జరిపింది. అతను కూర్చున్నాడు. అంతవరకు వచ్చాం.

ఈ వారమే మొదలుపెట్టిన వాళ్ళకి వెనక కథ చెప్పాలి. అల్లవరంలో బుచ్చిరాజు గారి రొయ్యల ల్యాబు ఉంది. చెరువుల రైతులు సీసాల్లో నీళ్ళూ రొయ్యలూ తెచ్చిస్తే పరీక్ష చేసి రిపోర్టు ఇస్తారు. దానికి ఇన్‌చార్జి వాణి. ముక్తేశ్వరం అమ్మాయి, ముప్పై మూడేళ్ళు, పనిలో పెట్టింది పేరు, సొంత విషయాల్లో మహా మొండి. ల్యాబు వెనక గదిలో ఒక సర్వరు ఉంది. చూడ్డానికి ఒకే పెట్టె, లోపల మాత్రం మూడు మిషన్లు నడుస్తాయి. ఒకే ఇంట్లో మూడు వాటాలు ఉన్నట్టు. వర్చువల్ మిషన్లు అంటారు వాటిని. ఒకటి రిపోర్టులు చూస్తుంది, ఒకటి బిల్లులు. మూడోది చెరువుల్లో దించిన ఆక్సిజన్ మీటర్లు పంపే సంగతులన్నీ రాసి పెట్టుకుంటుంది. మొన్నటి తుపానుకి ఉప్పునీళ్ళు ల్యాబు రెండో మెట్టు దాకా రావడంతో రాజు గారికి గుండె జారింది. మూడింటికీ నకళ్ళు తీసి క్లౌడులో ఉంచుదాం, ఇక్కడ మునిగినా అక్కడ లేచి నడుస్తాయి అన్నారు. బాగానే ఉంది. కాని క్లౌడు కంపెనీ వాళ్ళు మీ మిషన్లు ఇలా ఇలా ఉంటేనే మా దగ్గర నడుస్తాయంటూ పదకొండు షరతుల జాబితా పంపారు. రెండు మిషన్లు గట్టెక్కాయి. మూడోది ఎక్కలేదు. దాన్ని తయారుచేసినవాడు వెంకటకృష్ణ. బాగుచేయగలిగేవాడూ అతనే. శనివారం లోపు కుదరకపోతే దాన్ని పీకి పారేయమని రాజు గారి ఆర్డరు.

అతను ఎందుకు వెళ్ళిపోయాడంటే, ఐదేళ్ళ కిందట ఒక తెల్లవారుజామున రాజేశ్వరమ్మ గారి చెరువుల్లో ఆక్సిజన్ పడిపోయింది. అలా పడిపోగానే మీటరు మెసేజీ పంపుతుంది. ల్యాబులో డ్యూటీ మీద ఉన్నవాళ్ళు మూడో మిషనులో "చూశాను" అన్న బటన్ నొక్కి, వెంటనే రైతు ఇంటికి ఫోన్ చేసి, నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్లు వేయమని చెప్పాలి. ఆ రోజు డ్యూటీ వెంకటకృష్ణది. మెసేజీ రాజు గారి సెల్లుకి కూడా వచ్చింది, సరిగ్గా నాలుగు గంటలకి. మూడో మిషనులో అతను బటన్ నొక్కిన టైము నాలుగూ ముప్పై ఒకటి. తనని నిద్ర లేపేటప్పటికి నాలుగున్నర అయిందని రాజేశ్వరమ్మ గారూ చెప్పారు. తెల్లారేసరికి రెండు చెరువుల రొయ్య చచ్చి తేలిపోయింది. మిషనులోంచి ఆ కాగితం ప్రింటు తీసి రాజు గారి బల్ల మీద పెట్టింది వాణి. వెంకటకృష్ణ ఆ కాగితం కేసి చాలాసేపు చూసి, "నిద్ర పట్టేసినట్టుందండి" అని ఒప్పుకున్నాడు. ఆ మధ్యాహ్నమే వెళ్ళిపోయాడు. వచ్చే శ్రావణంలో పెళ్ళి చేసుకుందామని అప్పటికే వాళ్ళిద్దరూ అనుకుని ఉన్నారు. ఆ సంగతి ల్యాబులో ఎవరికీ తెలియదని వాళ్ళిద్దరి నమ్మకం. సీసాలు కడిగే అచ్చాయమ్మతో సహా అందరికీ తెలుసు.

అతను వెళ్ళింది ఎంత దూరమనుకున్నారు? మలికిపురం. వైనతేయ మీద వంతెన దాటితే గంట ప్రయాణం కూడా లేదు. అక్కడ కంప్యూటర్లు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు. ఈ ఐదేళ్ళలో వాణి ఆ వంతెన మీద నుంచి ఎన్నిసార్లు వెళ్ళిందో ఆవిడకే తెలియాలి. ఒక్కసారైనా షాపు ముందు దిగలేదు. అతనూ ఇటు రాలేదు. మధ్యలో సముద్రం ఉంటే, రాలేకపోయారులే అని సర్దిచెప్పుకోవచ్చు. గంట దూరానికి ఏ సాకూ ఉండదు.

సరే, కథలోకి వద్దాం.

పొద్దున్న పదింటికి కూర్చున్నవాడు పన్నెండు దాటినా తెర మీంచి తల ఎత్తలేదు. వాణి టీ తెచ్చి పక్కన పెట్టింది. అలవాటు ప్రకారం రెండు చెంచాల పంచదార వేసింది. అతను ఒక గుక్క తాగి, కాస్త ఆగి, మిగిలింది తాగేశాడు. ఇప్పుడు పంచదార మానేశాడని ఆ ఆగడంలోనే ఆవిడకి అర్థమైంది. వద్దన్నా బాగుండేది. పరాయి ఇంటికి వచ్చిన చుట్టంలా మర్యాదకి తాగేశాడని ఆవిడకి బాధ కలిగింది.

"వాణి గారూ, జాబితా మీరు చదువుతా ఉండండి. నేను చూసి చెప్తాను. అయినవాటికి టిక్కు పెట్టుకోండి."

వాణి గారూ. పొద్దుటి నుంచి అది నాలుగోసారి. ఆవిడ లెక్క పెడుతోంది.

"ఒకటి. లోపలి ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్ళ పట్టికలో ఉన్నదై ఉండాలి" అని చదివింది.

"మనది లేదండి, మరీ పాతది. అందుకే ముందు కాపీ తీసి, కాపీ మీద కొత్తది ఎక్కించేను. పొద్దున్నించీ అదే పని. ఇప్పుడు నడుస్తంది. టిక్కు పెట్టేయండి."

"మనది" అన్న మాట ఆవిడకి తగిలింది. అతను మామూలుగా అన్నాడు.

"రెండు. డిస్కు రెండు టెరాబైట్లు దాటకూడదు."

"నలభై గిగాబైట్లండి. దాటే ప్రశ్నే లేదు."

"మూడు. బూటయ్యే పద్ధతి."

"పాత పద్ధతే గాని వాళ్ళు ఒప్పుకుంటారండి. అడుగున చిన్న అక్షరాల్లో ఉంటాది చూడండి."

ఆవిడ చూసింది, ఉంది. ఇలా ఒక్కొక్కటే దాటుకుంటూ వెళ్ళారు. మెమరీ సరిపోయింది. నెట్టు వేగం కూడా సరిపోయింది. నాలుగు, ఐదు, ఆరు. మాట్లాడుకోవడానికి ఈ జాబితా ఉన్నందుకు వాణికి సంతోషంగా ఉంది. జాబితా లేకపోతే ఇద్దరూ ఏం మాట్లాడేవారు? పదకొండుకి బదులు నూటపదకొండు షరతులు పెట్టి ఉంటే ఆ కంపెనీ వాళ్ళ సొమ్మేం పోయేదని కూడా అనుకుంది.

"ఏడు" అంది. ఆ పైన చదవలేదు.

"చెప్పండి."

"మిషను పేరులో అక్షరాలు, అంకెలు తప్ప ఇంకేమీ ఉండకూడదంట. గీతలు కూడా."

వెంకటకృష్ణ చేతులు కీబోర్డు మీద ఆగాయి. మూడో మిషనుకి పేరు పెట్టింది అతనే. వాణి, పక్కన కింద గీత, ఆ తర్వాత ఒకటి అంకె. ఎనిమిదేళ్ళుగా తెర మీద మూలన ఆ పేరు అలాగే ఉంది. అప్పట్లో రాజు గారు ఇదేం పేరయ్యా అంటే, పలికే మిషను కదండీ, వాణి అని పెట్టేను అని కోతలు కోశాడు. రాజు గారు నమ్మినట్టు నటించారు.

"పేరు మార్చాలండి" అన్నాడు.

"గీత ఒక్కటీ తీసేస్తే సరిపోదా?"

అడిగేశాక ఆవిడకి సిగ్గేసింది. అడక్కుండా ఉండలేకపోయింది. ఐదేళ్ళుగా అతని చేతిరాత ముక్క కూడా ఆవిడ దగ్గర లేదు. అతను తన కోసం చేసింది ఏదైనా మిగిలి ఉందంటే, తెర మూలన ఆ పేరొక్కటే.

"సరిపోద్దండి" అన్నాడు అతను. ఒక్క క్షణం ఆగి, టకటకా వేరే పేరు కొట్టాడు. చెరువు1. "రేపు నేను కాకుండా ఇంకెవరు చూసినా ఏం మిషనో తెలియాలి కదండి. అందుకని."

"ఆయ్, నిజమే" అంది వాణి. జాబితాలో ఏడో అంకె పక్కన టిక్కు పెట్టింది. కలం గట్టిగా నొక్కడంతో కాగితం చిరిగింది.

ఎనిమిది, తొమ్మిది గడిచాయి. పదోది చదివింది.

"సర్వరు గడియారానికీ వాళ్ళ గడియారానికీ తేడా ఐదు నిమిషాలు మించకూడదు. మించితే నకలు తీసుకోదు."

ఇది ఉత్తుత్తి షరతు అనుకున్నాడేమో, అతను సెల్లు తీసి పక్కన పెట్టుకుని చూశాడు. సెల్లులో పన్నెండూ నలభై. తెర మీద ఒకటీ పది. మళ్ళీ చూశాడు.

"అరగంట ముందుందండి" అన్నాడు. "పెట్టె గడియారమే ముందుంది. లోపలి మూడింటికీ సొంత గడియారాలు ఉండవు కదండి, పెట్టెలో ఎంతయితే అవీ అంతే చూపిస్తాయి. అందుకే మూడూ అరగంట ముందున్నాయి. పెట్టె లోపల బ్యాటరీ పోయుంటాది, ఈ ఉప్పుగాలికి."

పాఠం చెబుతున్నట్టు మామూలుగా చెప్పాడు. వాణి మాత్రం కుర్చీలో బిగుసుకుపోయింది.

ఎందుకో మీకు తెలియాలంటే రాజు గారి టైము గురించి చెప్పాలి. బుచ్చిరాజు గారి ఇంట్లో, ల్యాబులో, కారులో ఎక్కడ గడియారం ఉన్నా అరగంట ముందుంటుంది. వాళ్ళ నాన్నగారి నుంచి వచ్చిన అలవాటు. పని ఆలస్యం కాకూడదని. అరగంట ముందుందని తెలిసీ జనం ఎందుకు హడావుడి పడతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు, కాని పడతారు. అల్లవరంలో ఎవరైనా పదింటికి రమ్మంటే, మామూలు పదా, రాజు గారి పదా అని అడిగి మరీ వెళతారు. ల్యాబు గోడ గడియారమూ అంతే. ఒకసారి ఒక రైతు సీసా ఇచ్చినప్పుడు గోడ మీద తొమ్మిది. చేతికొచ్చిన రిపోర్టులో సీసా అందిన టైము ఎనిమిదిన్నర. నేను సీసా ఇవ్వకముందే రిపోర్టు రాసేసుకున్నారా, ఏం పరీక్షలండీ మీవి అని నలుగురిలో గోల చేశాడు. రాజు గారికి తల కొట్టేసినట్టయింది. ఆ కంప్యూటరు టైము కూడా మన గోడకి కలిపెయ్యమ్మా అని వాణికి చెప్పారు. వాణి వెనక గదిలోకి వెళ్ళి పెట్టె మీద టైము అరగంట ముందుకి జరిపింది. రిపోర్టులు గోడ గడియారంతో కలిశాయి. గొడవ తీరిపోయింది. తను మార్చింది రిపోర్టుల టైము అనే అనుకుంది. మిగతా రెండూ కూడా ఆ పెట్టె మొహమే చూసి టైము తెలుసుకుంటాయని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. మీటర్ల మెసేజీలు సెల్లులకి నేరుగా వస్తాయి కాబట్టి మూడో మిషనులో టైము ఎవరికీ అక్కర్లేదు. ఒకే ఒక్క రోజు అక్కర పడింది. ఆ రోజు దాన్ని ప్రింటు తీసింది కూడా వాణే.

గడియారం జరిపింది రాజేశ్వరమ్మ గారి చెరువులు పోవడానికి పది రోజుల ముందు.

నాలుగూ ముప్పై ఒకటి. అందులోంచి అరగంట తీసేస్తే నాలుగూ ఒకటి. మెసేజీ వచ్చిన నిమిషానికి నొక్కాడు. అతను నిద్రపోలేదు.

"కాని వాణి గారూ, బ్యాటరీ పోతే టైము వెనక్కెళ్తాది గాని ముందుకెళ్ళదండి" అంటున్నాడు వెంకటకృష్ణ, తనలో తాను. "అదీ లెక్కగా అరగంట. ఇది ఎప్పట్నుంచి ఇలా ఉందో మీకేవైనా తెలుసా అండి?"

తెలియదు అంటే అయిపోతుంది. అతను టైము సరిచేస్తాడు, నకలు మొదలవుతుంది, టీ గ్లాసులు కడిగేస్తారు. సాయంత్రానికి అతను మలికిపురం వెళ్ళిపోతాడు. గడియారం కలపమన్న రాజు గారికి ఆ మాట గుర్తు కూడా ఉండదు, ఈ నిజం తెలిసిన మనిషి లోకంలో ఇంకొకరు లేరు. వాణి మీద నాకు చాలా కోపాలున్నాయి, పాత భాగాలు చదివిన వాళ్ళకి అవి తెలుసు. ఈ ఒక్క చోట మాత్రం ఆవిడని నేను తప్పు పట్టలేను. ఆవిడ ఎక్కువసేపు ఆలోచించలేదు.

"తెలుసు. ఐదేళ్ళ నుంచీ ఉంది. నేనే జరిపేను."

"మీరా?"

"రాజు గారు గోడ గడియారానికి కలపమన్నారు. రిపోర్టుల కోసం. అందులో మూడూ మారతాయని నాకు తెలీదు." ఆవిడ అక్కడితో ఆపలేదు. "రాజేశ్వరమ్మ గారి చెరువులు పోయిన రోజుకి అది అప్పటికే ముందుంది. పది రోజులై ముందుంది."

అతను మౌస్ పట్టుకుని మూడో మిషనులో పాత పేజీలు వెనక్కి తిప్పుకుంటూ వెళ్ళాడు. ఆ తేదీ దగ్గర ఆగాడు. నాలుగూ ముప్పై ఒకటి అన్న అంకెల మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ లెక్క కట్టాడు. కిటికీ అవతల చెరువుల్లో ఏరియేటర్లు తిరుగుతున్నాయి.

"నాలుగూ ఒకటి" అన్నాడు చివరికి.

"అవును."

"వెంటనే నొక్కేనని నాకు గుర్తుందండి. మెసేజీ మోగింది, నొక్కేను, ఫోన్ చేసేను. కళ్ళకి కట్టినట్టు గుర్తుంది. తెల్లారేక మీరు కాగితం పెట్టేరు. అందులో అరగంట పోయింది. కళ్ళు మూసి తెరిచేననుకున్న టైములో అరగంట నిద్రపోయేనేమో, నాకు తెలీలేదేమో అనుకున్నాను." తెర కేసి చూస్తూనే మాట్లాడుతున్నాడు. "అప్పట్నుంచి కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకోవాలంటే నాకు భయవండి. షాపులో మధ్యాహ్నం పూట కునుకు వస్తే లేచి రోడ్డు మీద నడుస్తాను. మలికిపురంలో అందరూ నవ్వుతారు."

"నాతో చెప్పాల్సింది. వెంటనే నొక్కేనని ఒక్క మాట అనాల్సింది."

"కాగితం మీరిచ్చేరు కదండి." అతను మొదటిసారి ఆవిడ మొహంలోకి చూశాడు. "వేరే ఎవరిచ్చినా దెబ్బలాడేవాణ్ణి. మీరు ఊరికే అనరని నా నమ్మకం. నా గుర్తు కన్నా మీ మాటే నమ్మేను."

అంతకంటే తిట్టినా బాగుండేది. వాణి కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయింది.

"ఎదురు చూసేను కృష్ణా" అంది. అండీలు, గార్లు అన్నీ పోయాయి. "ఒక్కసారి ఫోన్ చేస్తావని. నేను చేద్దామంటే ఏ మొహం పెట్టుకుని చెయ్యను, నిన్ను పదిమందిలో నిలబెట్టింది నేనే కదా. వంతెన దాటినప్పుడల్లా నీ షాపు వైపు తల తిప్పేదాన్ని కాదు. తిప్పితే దిగిపోతానని భయం. ఇవాళ నువ్వొస్తున్నావని తెలిసి పొద్దున్న నాలుగింటికే లేచేను. నాకు ఇంకా అలాగే ఉంది. ఏమీ తగ్గలేదు."

అన్నీ చెప్పేసింది. ఇన్నేళ్ళు దాచిందంతా, జాబితా చదివినట్టు వరసగా చెప్పేసింది.

వెంకటకృష్ణ తల వంచుకున్నాడు. అతని మొహంలో కోపం లేదు. జాలి ఉంది. అది చూడగానే ఆవిడకి ఇంకేదో ఉందని తెలిసిపోయింది.

"ఈ పని నేనెందుకు ఒప్పుకున్నానో మీకు చెప్పాలండి. చెప్పకపోతే తప్పవుతాది." ఆవిడ వదిలేసినా అతని నోట ఆ "మీరు" అలాగే ఉంది, మెత్తగానే. "రాజేశ్వరమ్మ గారి అమ్మాయి, సౌజన్య. ఆ తెల్లవారుజామున నా ఫోను ఎత్తింది తనే. నేనిక్కణ్ణుంచి వెళ్ళిపోయిన వారానికి మలికిపురం వచ్చింది, నన్ను వెతుక్కుంటా. మీరు నిద్రపోలేదని నాకు తెలుసండి అంది. ఎలా తెలుసండీ అన్నాను. గొంతు విన్నాను కదా, నిద్రలోంచి లేచిన గొంతు కాదు అంది. నన్ను నేనే నమ్మని రోజులండి అవి."

వాణి వింటోంది.

"రెండేళ్ళ నుంచి పెళ్ళి చేసుకుందామనుకుంటన్నాం. రాజేశ్వరమ్మ గారు ససేమిరా అంటన్నారు. డ్యూటీలో నిద్రపోయి నా చెరువులు చంపినవాడికి నా పిల్లనివ్వనంటారు. న్యాయవే కదండి. ఈ మిషను పీకేస్తన్నారని తెలిసింది. పోయేలోగా ఒక్కసారి ఆ పేజీ నా కళ్ళతో చూసుకోవాలనిపించింది. సౌజన్య వద్దంది. ఆ పాత గొడవ తవ్వకండి, నాకు అక్కర్లేదు, మనం గుళ్ళో చేసేసుకుందాం అంటాది. నేనే పట్టుబట్టి వచ్చేను. తనూ వెనకాలే స్కూటీ మీద వచ్చేసింది. లోపలికి రమ్మంటే రాలేదు, పొద్దున్నించీ గేటు దగ్గరే ఉంది."

కాబట్టి అతను వచ్చింది ఇందుకు. రెండు చెంచాల పంచదార, గీత తీసేస్తే సరిపోదా అన్న మాట, ఏమీ తగ్గలేదన్న మాట, అన్నీ తలుచుకుని వాణికి భూమిలోకి కుంగిపోదామనిపించింది.

"రాజేశ్వరమ్మ గారి ముందు ఈ టైము సంగతి మీరు చెప్తారా అండి? నేను చెప్తే నమ్మరు. కాగితం పెట్టింది మీరు కాబట్టి, మీరు చెప్తే నమ్ముతారు."

ఆవిడ నోరు విప్పితే అతనికి పోయిన పేరు తిరిగి వస్తుంది. పేరుతో పాటు పెళ్ళికూతురూ వస్తుంది. తనకి అతను ఇంక ఎప్పటికీ రాడు. విప్పకపోతే ఆ పెళ్ళి ఆగుతుంది, కాని అందరి దృష్టిలో అతను డ్యూటీలో నిద్రపోయినవాడిగానే మిగిలిపోతాడు.

"చెప్తాను" అంది వాణి. "నేను చేసింది నేనే చెప్పాలి కదండి."

అండి అన్నది ఈసారి ఆవిడ.

వెంకటకృష్ణ రెండు చేతులూ జోడించబోయాడు. ఆవిడ వద్దని తల తిప్పుకుంది. అతను తెర వైపు తిరిగి గడియారం సరిచేశాడు. ఒకటిన్నర కావస్తున్న టైము ఒంటిగంట దగ్గరికి వచ్చింది. పదకొండో షరతు ఏదో చిన్నది, అతనే చదివి టిక్కు పెట్టుకున్నాడు. మూడో మిషను నకలు క్లౌడులోకి బయల్దేరింది. మొదటి నకలు పూర్తవడానికి సాయంత్రం దాకా పడుతుందన్నాడు. గొంతులో హుషారు దాచుకోలేకపోతున్నాడు.

"ఆ అమ్మాయిని లోపలికి పిలుస్తాను. ఎండగా ఉంది" అంటూ వాణి లేచింది. నిజానికి ఆ గదిలో ఇంకో నిమిషం ఉండగలిగే శక్తి ఆవిడకి లేదు.

వరండాలోకి వచ్చి మెట్లు దిగుతోంది. రాజేశ్వరమ్మ గారి ముందు ఎలా మొదలుపెట్టాలా అని మాటలు కూర్చుకుంటోంది. అమ్మా, ఆ రోజు అతను నాలుగూ ఒకటికి నొక్కాడు. ఆ వెంటనే మీ ఇంటికి ఫోన్ చేశాడు. అప్పుడు ఆవిడేమంటారు? నన్ను లేపేసరికి నాలుగున్నర అంటారు. రాజేశ్వరమ్మ గారు అబద్ధమాడే మనిషి కాదు. వాళ్ళింట్లో గడియారం చూపించేది రాజు గారి టైము కూడా కాదు.

వాణి రెండో మెట్టు మీద ఆగిపోయింది.

గేటు పక్కన కొబ్బరిచెట్టు నీడ సన్నగా పడుతోంది. ఆ నీడలో స్కూటీకి ఆనుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. చున్నీ తల మీద కప్పుకుంది. వాణిని చూడగానే నిటారుగా నిలబడింది. అందమైన పిల్ల. అంత అందంగా లేకపోతే బాగుండేదని వాణి అనుకోలేదంటే నేను అబద్ధం రాసినట్టు.

"లోపలికి రామ్మా" అంది వాణి దగ్గరికి వెళ్ళి.

"పర్లేదక్కా. ఇక్కడే ఉంటాను." తర్వాత, నెమ్మదిగా, "దొరికిందా అండి?" అని అడిగింది.

"దొరికింది. మా సర్వరు గడియారం అరగంట ముందుంది. ఆయన నిద్రపోలేదు. నాలుగూ ఒకటికే నొక్కి ఫోన్ చేసేరు."

పెళ్ళికి అడ్డం తొలగిపోయిందని విన్న పిల్ల మొహం ఎలా ఉండాలి? సౌజన్య మొహంలో రక్తం లేదు. స్కూటీ హ్యాండిల్ పట్టుకుంది. ల్యాబు కిటికీ కేసి ఒకసారి చూసింది. అక్కడ వెంకటకృష్ణ తల కనబడుతోంది, ఎవరితోనో ఫోనులో నవ్వుతూ మాట్లాడుతున్నాడు.

"ఆయనకి ఇంకా తట్టలేదు కదండి?" అంది.

"ఏంటమ్మా?" అంది వాణి. ఏమిటో తెలిసే అడిగింది.

"అరగంట ఆయనది కాకపోతే మరెవరిదని." సౌజన్య గొంతు వణకడం లేదు. ఈ మాట ఎప్పటికైనా ఎవరో ఒకరితో అనక తప్పదని ఐదేళ్ళుగా సిద్ధపడి ఉన్నట్టుంది. "నాలుగింటికి ఫోను ఎత్తింది నేనేనండి. మా అమ్మని లేపింది నాలుగున్నరకి. మా అమ్మతో చెప్పకండక్కా. మీకు దణ్ణం పెడతాను. ఆయనకి అసలు చెప్పకండి."

ఆ అమ్మాయి చెయ్యి వాణి చేతిని పట్టుకుంది. ఎండలో నిలబడిన చెయ్యి, అయినా చల్లగా ఉంది. ఈ చేతిలో ఉన్నదంతా ఒక్క మాటతో తీసుకోవచ్చని వాణికి తెలుసు. సౌజన్యకీ తెలుసు.

కిటికీ రెక్క తోసుకుని వెంకటకృష్ణ బయటికి వంగాడు.

"వాణి గారూ, ఫోన్ చేసేనండి. రాజేశ్వరమ్మ గారు ఇంట్లోనే ఉన్నారంట, రమ్మన్నారు. బయల్దేరదామా?"

అతని గొంతులో అంత సంతోషం వాణి విన్నది ఐదేళ్ళ కిందట, మన పెళ్ళి శ్రావణంలో పెట్టుకుందామా అని అతను తనని అడిగిన రోజున.